గుర్తింపు పరేడ్ జరిపించడం: నా అనుభవం

కోర్టుల్లో దీన్ని టీఐ (టెస్ట్ ఐడెంటిఫికేషన్) పరేడ్ అంటారు. ముక్కూ మొహం తెలియనివాడు నేరం చేసి పారిపోయాడు, కొన్నాళ్ళకు పోలీసులు ఒకణ్ణి పట్టుకొచ్చారు. ఆ రోజు చూసినవాళ్ళు ఇతన్ని నలుగురిలో పోల్చుకోగలరా అని చూడటమే ఈ పరేడ్. తిరుపతిలోనూ చిత్తూరులోనూ మెజిస్ట్రేటుగా పనిచేసినన్నాళ్ళూ ఈ పని నా వంతుకు వస్తూనే ఉండేది. బయటివాళ్ళు, కొత్తగా వచ్చిన వకీళ్ళు కూడా, ఇది ముద్దాయికి పెట్టే పరీక్ష అనుకుంటారు. పరీక్ష సాక్షి జ్ఞాపకానికి. పరీక్ష పేపరు ముందే బయటికి వచ్చేస్తే మార్కులకు ఎంత విలువో, పరేడ్‌కు ముందే మొహం చూపించేస్తే గుర్తింపుకూ అంతే విలువ.

ఈ పని పోలీసులు చేయకుండా మెజిస్ట్రేటు ఎందుకు చేయాలి? దర్యాప్తులో పోలీసు ముందు సాక్షి 'ఇతనే' అని వేలు చూపిస్తే అది పోలీసుకు ఇచ్చిన వాంగ్మూలంతో సమానం, దాన్ని ప్రాసిక్యూషన్ సాక్ష్యంగా వాడుకోవడానికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 162వ సెక్షన్ ఒప్పుకోదు. 1950లలోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో అది 181. అందుకే దర్యాప్తు అధికారి పరేడ్ జరిపించమని రిక్విజిషన్ పెడతాడు, చీఫ్ జ్యుడీషియల్ మెజిస్ట్రేటు ఎవరో ఒక మెజిస్ట్రేటును నియమిస్తారు. కేసు ఎవరి ముందు నడవబోతుందో వాళ్ళను నియమించకూడదు, ఎందుకంటే పరేడ్ జరిపించినవాళ్ళు రేపు బోనెక్కి సాక్ష్యం చెప్పాలి.

రిక్విజిషన్ రాగానే దానితోపాటు ఎఫ్‌ఐఆర్ నకలు, రిమాండ్ రిపోర్టు తెప్పించుకుని చదవాలి. ఎఫ్‌ఐఆర్‌లో మొదటి రోజు చెప్పిన పోలికలు ఏమిటి? వయసు, ఎత్తు, ఒళ్ళు, రంగు, మీసం, మాటతీరు. చాలా ఫిర్యాదుల్లో ఇవేవీ ఉండవు. 'సుమారు 25 సంవత్సరాల వయసు గల ఇద్దరు యువకులు, చూస్తే గుర్తుపట్టగలను' అని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ 'చూస్తే గుర్తుపట్టగలను' స్టేషన్ రైటర్ కలం అలవాటు. ఫిర్యాదుదారు నోట ఆ మాట వచ్చిందో లేదో తెలియదు. మొదటి రోజు ఒక్క పోలికా చెప్పలేని సాక్షి నెల తర్వాత పరేడ్‌లో తడుముకోకుండా పట్టేస్తే, ఆ జ్ఞాపకం మధ్యలో ఎక్కడి నుంచి వచ్చిందో చూడాల్సిందే.

తర్వాత నాలుగు తేదీలు ఒక కాగితం మీద వరసగా వేసుకుంటాను: నేరం, అరెస్టు, రిమాండ్, రిక్విజిషన్. అరెస్టుకూ రిక్విజిషన్‌కూ మధ్య పది రోజులుంటే ఎందుకని అడగాలి. ఆలస్యమైనంత మాత్రాన పరేడ్ పనికిరాకుండా పోదు. కానీ ఆ రోజుల్లో ముద్దాయి ఎవరెవరి కంట పడ్డాడు? రిమాండ్‌కు తెచ్చినప్పుడు మొహానికి ముసుగు వేశారా? పరేడ్ పెట్టబోతున్నామని రిమాండ్ రిపోర్టులోనే రాశారా? ముసుగు లేకుండా కోర్టు వరండాలో గంటసేపు నిలబెట్టి, ఆ వరండాలోనే సాక్షిని కూర్చోబెడితే ఇక పరేడ్‌లో పరీక్షించేందుకు ఏమీ మిగలదు. రికవరీ చేసిన గొలుసులు బల్ల మీద పరిచి, వెనకాల ముద్దాయిలను నిలబెట్టి ఫొటోలు తీసే ప్రెస్ మీట్‌తో జరిగే నష్టమూ ఇదే. తెల్లారితే ఆ ఫొటో జిల్లా ఎడిషన్‌లో ఉంటుంది, అంతకంటే ముందే వాట్సాప్‌లో ఉంటుంది. సాక్షి అబద్ధం చెప్పడు. ఫొటోలో చూసిన మొహమే ఆ రోజు చూసిన మొహమని అతని మనసు కలిపేసుకుంటుంది, అలా కలిసిందని అతనికీ తెలియదు.

కేరళలో 2000 సంవత్సరం నాటి ఒక ఆందోళన కేసు 2022లో గిరీశన్ నాయర్ తీర్పుగా సుప్రీంకోర్టులో ముగిసింది. పరేడ్‌కు ముందే సాక్షులకు ముద్దాయిలు కనిపించే అవకాశం ఉందని చెప్పి, ఆ గుర్తింపును కోర్టు పక్కన పెట్టింది. చేయాల్సింది మొదటి వారంలో చేయకపోతే ఇరవై రెండేళ్ళ తర్వాత కేసు ఎక్కడ తేలుతుందో ఆ తీర్పు చదివితే అర్థమవుతుంది.

తిరుపతి కేసుల్లో మరి రెండు చిక్కులుంటాయి. మొదటిది, సాక్షులు ఊళ్ళో ఉండరు. బస్టాండులోనో సత్రం దగ్గరో బ్యాగు పోగొట్టుకున్నవాళ్ళు, అలిపిరి దారిలో మెడలో గొలుసు తెంచుకుపోతే చూసినవాళ్ళు దర్శనం చేసుకుని వేలూరుకో కోలారుకో నాందేడ్‌కో వెళ్ళిపోతారు. సమన్లు ఆ రాష్ట్రం పోలీసుల ద్వారా పోవాలి. వాళ్ళు రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. వచ్చినా ఒకే రైల్లో, ఒకే పెట్టెలో, దారంతా అదే మాట్లాడుకుంటూ వస్తారు. తెలుగు రాని సాక్షికి దుబాసీగా పోలీసును పెట్టనివ్వకూడదు. కోర్టు సిబ్బందిలో తమిళం తెలిసినవాళ్ళు మా దగ్గర ఎప్పుడూ ఉంటారు. కన్నడం, మరాఠీ అయితే ముందే చూసుకోవాలి.

రెండోది గుండు. నేరం చేసిన రోజున నెత్తిన జుట్టున్నవాడు పట్టుబడేనాటికి గుండుతో ఉండొచ్చు. భక్తితో తలనీలాలు ఇచ్చాడో, పోలిక మార్చుకోవడానికో ఎవరికి తెలుసు? జుట్టు నెలకు ఒక సెంటీమీటరు పైన పెరుగుతుంది. అంటే మూడు వారాల తర్వాత పరేడ్ పెడితే వరుసలో అతని తలే వేరుగా కనబడుతుంది. గుండు మొహాన్ని బాగా మార్చేస్తుంది కూడా, నుదురు, చెవులు కొత్తగా కనబడతాయి. వరుసలో అందరికీ గుండు కొట్టించలేం కదా. నేను చేసేది అందరి తలకూ ఒకే రంగు తువ్వాలు ఒకే తీరుగా, కనుబొమ్మల పైదాకా చుట్టించడం. అలా చుట్టించానని, ఎందుకు చుట్టించానో కూడా ప్రొసీడింగ్స్‌లో, అంటే పరేడ్ జరిగిన తీరు నమోదు చేసే కాగితంలో, రాయాలి. రాయకపోతే రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో 'తల దాచి సాక్షిని ఇబ్బంది పెట్టారా' అని ఒకరు, 'ముద్దాయి తల దాచి ప్రాసిక్యూషన్‌కు సాయం చేశారా' అని ఒకరు అడుగుతారు. నుదుట నామం ఉంటే అందరినీ మొహం కడుక్కోమనాలి.

ఇక వరుస కూర్చడం. ఉమ్మడి రాష్ట్రంలో 1990లో వచ్చిన క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో 34వ నియమం దీనికి ఆధారం. వయసు, ఎత్తు, రూపు, జీవన స్థాయి ముద్దాయికి దగ్గరగా ఉన్నవాళ్ళనే కలపాలి. కొట్టొచ్చినట్టు కనబడే బట్ట ఉంటే తీయించాలి లేదా అందరికీ అలాంటిదే తొడిగించాలి. ఎక్కడ నిలబడతాడో ముద్దాయే ఎంచుకోవాలి. పక్కవాళ్ళ మీద, ఏర్పాట్ల మీద అభ్యంతరం ఉందా అని అతన్ని నోరు తెరిచి అడగాలి. ఒక సాక్షి పోయి ఇంకో సాక్షి వచ్చేలోపు వరుస మార్చడం మంచిది.

రూలు చదవడానికి సులువే, జైలు ఆవరణలో నిలబడితే అసలు కష్టం తెలుస్తుంది. సబ్ జైల్లో ఆ రోజు ఉన్నవాళ్ళే మనకు దిక్కు. ముద్దాయి 22 ఏళ్ళ బక్కపలచని కుర్రవాడు, లోపల ఉన్నవాళ్ళలో సగం మంది నలభై దాటినవాళ్ళు. జైలు గుమస్తా చేతికి దొరికిన అయిదుగురిని నిలబెట్టి 'రెడీ సార్' అంటాడు. అక్కడ ఒప్పుకుంటే పరేడ్ అక్కడే అయిపోయినట్టు. లెక్క వేసి చూడండి. ఒక ముద్దాయి, అయిదుగురు ఇతరులు. ఏమీ గుర్తులేని సాక్షి ఊరికే వేలు పెట్టినా ముద్దాయి మీద పడే అవకాశం ఆరింట ఒకటి. తొమ్మిది మందిని కలిపితే పదింట ఒకటి. కానీ ఆ అయిదుగురిలో నలుగురు వయసులోనే సరిపోకపోతే సాక్షి కళ్ళు వాళ్ళను దాటేస్తాయి, మిగిలింది ఇద్దరే. ఆరింట ఒకటి కాస్తా రెండింట ఒకటి అయింది, కాగితం మీద మాత్రం ఆరుగురు. అందుకే సంఖ్య కంటే పోలికే నాకు ముఖ్యం. సరిపడే మనుషులు లేకపోతే పరేడ్ వాయిదా వేసి, ఎక్కువమంది రిమాండ్ ఖైదీలున్న జైలుకు మార్పించాలి. ఇద్దరు ముద్దాయిలుంటే ఇద్దరినీ ఒకే వరుసలో పెట్టకుండా రెండు పరేడ్లు, రెండుసార్లూ వేరే మనుషులతో జరపాలి.

చిన్నచిన్న తేడాలే ముద్దాయిని పట్టిచ్చేస్తాయి. కొత్తగా వచ్చినవాడికి నాలుగు రోజుల గడ్డం, మిగతావాళ్ళు ఆ పొద్దునే గీయించుకుని ఉంటారు. అతనికి చెప్పులుండవు, వాళ్ళకుంటాయి. అతని చొక్కా నలిగి ఉంటుంది. బుగ్గ మీద గాటుంటే, అదే చోట అందరికీ ఒకే కొలత ప్లాస్టర్ అంటించాలి. అందరికీ చెప్పులు తీయించాలి. ఇవన్నీ సర్దాక కూడా ఒకటి మిగులుతుంది, చూపు. ముద్దాయి నేల చూపులు చూస్తాడు, చెమట పడుతుంది. సంబంధం లేనివాళ్ళకు అది కాలక్షేపం, మూతి బిగించి నవ్వుకుంటారు, ఒక్కోసారి ఓరగా అతని వైపే చూస్తారు. సాక్షికి ఆ ఒక్క చూపు చాలు. ఎదురుగోడ మీద ఒక మేకో సున్నపు మరకో చూపించి, అందరూ దాన్నే చూడాలని నేను గట్టిగా చెబుతాను. మాటవినని మనిషిని తీసి వేరే మనిషిని పెట్టేదాకా సాక్షిని పిలవను.

సాక్షులు ఎక్కడ కూర్చుంటారో ముందే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని చూడాలి. ఆఫీసు గది కిటికీలోంచి ఆవరణ కనబడుతుంటే ఆ గది వద్దు. ఫోన్లు గేటులో పెట్టించాలి. పోలీసులు, దర్యాప్తు అధికారి సహా, గేటు బయటే. పరేడ్ అయిన సాక్షి ఇంకా కానివాళ్ళ దగ్గరికి తిరిగి వెళ్ళకూడదు, వేరే గదిలో ఉండాలి. ముగ్గురు సాక్షులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఊహించి చెబితే, ముగ్గురూ ఒకే మనిషి మీద, ఆ ముద్దాయి మీదే, పడటం 216లో ఒకసారి. ముగ్గురూ ఒకే జీపులో వచ్చి 'ఎర్రగా పొట్టిగా ఉంటాడు కదా' అనుకుని ఉంటే ఆ మూడు గుర్తింపులు కలిపినా ఒక్కటే. అందుకని ప్రతి సాక్షినీ మొదట అడుగుతాను: ఎలా వచ్చారు? ఎవరు తీసుకొచ్చారు? దారిలో ఈ కేసు సంగతి ఏమైనా మాట్లాడుకున్నారా? ఫొటో గాని సీసీటీవీ వీడియో గాని చూశారా, ఎవరి ఫోన్‌లో? ముద్దాయి ముందే పరిచయమా, ఏ పోలికలు చూసి గుర్తుపడతారు అని అడగడం రూల్లోనే ఉంది. మిగతావి నేను కలుపుకున్నవి. జవాబులు వాళ్ళ మాటల్లోనే రాయాలి.

అప్పుడు చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఒకటుంది. రూల్లో లేదు, చాలామంది చెప్పరు. 'చూడండమ్మా, ఆ రోజు మీరు చూసిన మనిషి ఈ వరుసలో ఉండొచ్చు, లేకపోనూవచ్చు. తెలియకపోతే తెలియదని చెప్పండి, తప్పేమీ లేదు.' ఈ మాట చెప్పకపోతే సాక్షి ఏమనుకుంటుంది? జడ్జిగారు వచ్చారు, జైలు తలుపు తీశారు, పోలీసులు ఇంత దూరం తీసుకొచ్చారు, దొంగ ఇక్కడే ఉండి ఉంటాడు. అప్పుడు ఆమె తన జ్ఞాపకంతో పోల్చడం మానేసి, ఉన్న ఆరుగురిలో ఎవరు దగ్గరగా ఉన్నారో వెతుకుతుంది. దగ్గరగా ఉన్నవాడు ఎప్పుడూ ఒకడుంటాడు.

మెజిస్ట్రేటుకు ముద్దాయి ఎవరో తెలుసు, మన పద్ధతిలో ఉన్న లోపం ఇది. అమెరికాలో ఈ విషయం మీద పరిశోధించిన గ్యారీ వెల్స్ లాంటివాళ్ళు ముద్దాయి ఎవరో తెలియని మనిషే పరేడ్ నడపాలని ఏళ్ళుగా చెబుతున్నారు. మన రూల్లో అలా కుదరదు, అభ్యంతరం ఉందా అని అడగాల్సింది మెజిస్ట్రేటే కదా. నేను చేయగలిగింది ఒక్కటే. సాక్షి వరుస ముందు నడుస్తున్నంతసేపూ తల వంచుకుని కాగితం మీదే చూపు పెట్టడం. జైలు సిబ్బందిని సాక్షి వెనక్కి పంపేయడం. 'ఇంకోసారి సరిగ్గా చూడండి' అని పొరపాటున కూడా అనకూడదు. ముద్దాయి కాని మనిషి దగ్గర సాక్షి ఆగినప్పుడే ఆ మాట నోటికొస్తుంది.

సాక్షి చేత్తో తాకి చూపించాలి. ఎంతసేపు పట్టింది, ఎవరి దగ్గర ఆగింది, ఏమంది, అన్నీ రాయాలి. 'ఈయనే అనుకుంటా సార్' అంటే ఆ 'అనుకుంటా' కాగితం మీద ఉండి తీరాలి. చాలా ప్రొసీడింగ్స్‌లో అది 'సరిగా గుర్తించినారు' అని మారిపోతుంది. మారిపోతే ఏమవుతుందో చెబుతాను. అయిపోయాక ఎవరైనా 'కరెక్టుగా పట్టారమ్మా' అంటే ఆమె 'అనుకుంటా' ఆ క్షణమే 'ఖచ్చితంగా' అవుతుంది. వెల్స్, బ్రాడ్‌ఫీల్డ్ 1998లో ప్రయోగం చేసి చూపించింది ఇదే. మెచ్చుకోలు విన్నవాళ్ళు నమ్మకంగా చెప్పడమే కాదు, ఆ రోజు తాము బాగా దగ్గర నుంచి, ఎక్కువసేపు చూశామని కూడా చెప్పారు. అమెరికాలో రొనాల్డ్ కాటన్ కేసు ఇలాగే పోయింది. 1984 నాటి అత్యాచారం కేసులో బాధితురాలు ముందు ఫొటోల్లో, తర్వాత వరుసలో అతన్నే ఎంచుకుంది. ఫొటోలో పట్టింది కూడా ఇతన్నే అని తర్వాత ఆమెకు చెప్పారు. కోర్టులో ఆమెకు రవ్వంత సందేహం లేదు. పదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాక 1995లో డీఎన్‌ఏ పరీక్ష అతను కాదని తేల్చింది. ఆ దేశంలో డీఎన్‌ఏ వల్ల నిర్దోషులని తేలిన 375 మంది కేసులను తప్పుగా శిక్ష పడ్డవాళ్ళ తరఫున పనిచేసే ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ సంస్థ లెక్క కడితే, 69 శాతంలో సాక్షి పొరపాటు గుర్తింపు ఉంది. వాళ్ళలో ఎక్కువమంది అబద్ధాలకోర్లు కారు. అందుకే, పరేడ్ ఫలితం ఏ సాక్షికీ నా నోటితో చెప్పను, జైలువాళ్ళనూ చెప్పనివ్వను.

సాక్షి తప్పు మనిషిని తాకితే అదీ అంతే వివరంగా, ఆ మనిషి పేరుతో రాయాలి. ఎవరినీ పట్టలేకపోతే అదీ రాయాలి. ముద్దాయి పరేడ్‌కు రానంటే బలవంతం చేయను, కారణం అడిగి అతని మాటల్లో రాసుకుంటాను. రాకపోతే కోర్టు దాన్ని వ్యతిరేకంగా తీసుకునే వీలుందని వివరంగా చెప్పాలి. 'స్టేషన్లోనే నన్ను వాళ్ళకు చూపించినారు సార్' అని అంటే, అది నిజమో కాదో తేల్చడం నా పని కాదు, నమోదు చేయడమే నా పని. సాక్షి శారీరక, మానసిక వైకల్యం ఉన్నవారైతే బీఎన్‌ఎస్‌ఎస్ 54వ సెక్షన్ ప్రకారం గుర్తింపును ఆడియో వీడియో రికార్డు చేయాలి.

వస్తువుల గుర్తింపు పరేడ్ ఇంతకంటే తేలిక. ఒక్కో వస్తువునూ అలాంటివే నాలుగైదింటితో కలిపి పెట్టాలి. పుస్తెలతాడుకు పుస్తెలతాడే కలపాలి, గొలుసు కాదు.

నేరం జరిగిన చోట ఎలా చూశారన్నది పరేడ్‌లో తేలదు, విచారణలో తేలాలి. తెల్లవారుజామున వాకిట్లో ముగ్గేస్తున్న ఆమె మెడలో గొలుసు తెంచుకుపోయే కేసులు మా దగ్గర ఎన్నో. వంగి ఉన్న మనిషి, వెనక నుంచి బండి, హెల్మెట్, మొత్తం అయిదారు సెకన్లు. చెయ్యి మెడ మీద పడ్డప్పుడు కళ్ళు గొలుసు మీదికి పోతాయి. కత్తి చూపిస్తే కత్తి మీదికి పోతాయి. సోడియం దీపం కింద నీలం చొక్కా, నల్ల చొక్కా ఒకలాగే ఉంటాయి. దూరం మీటర్లలో అడిగితే సాక్షి నోటికొచ్చింది చెబుతారు. ఆర్టీసీ బస్సు పొడవంత దూరమా, అందులో సగమా అని అడిగితే కాస్త నిజం వస్తుంది.

పరేడ్ గుర్తింపు దానంతటదే అసలు సాక్ష్యం కాదు. కోర్టులో ప్రమాణం చేసి చూపించేదే అసలు సాక్ష్యం, పరేడ్ దానికి బలం. మన రాష్ట్రం నుంచే వెళ్ళిన వైకుంఠం చంద్రప్ప కేసు 1960 ఏఐఆర్ అనే తీర్పుల సంపుటిలో ఉంది, 2003లో మల్ఖాన్ సింగ్ కేసులోనూ సుప్రీంకోర్టు అదే చెప్పింది. ఇది చట్టం, దాన్నే అమలు చేశాను. కానీ కోర్టులో గుర్తింపు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు. మూడు నాలుగేళ్ళు గడిచాక సాక్షి వస్తారు. ముద్దాయి నిలబడే చోట ఒక్కడే ఉంటాడు. అక్కడ తప్పు మనిషిని చూపించడం దాదాపు అసాధ్యం. కాబట్టి జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడు జరిగిన పరేడ్, అందులో రాసిన తడబాటు, జడ్జిగారికి దారి చూపించే కాగితం.

ఆ కాగితాన్ని జైలు గేటు దాటకముందే పూర్తి చేయాలి. వరుసలో నిలబడ్డ ప్రతి ఒక్కరి పేరు, వయసు, ఎత్తు, ప్రతి సాక్షికీ వరుసలో ఎవరు ఎన్నోవాళ్ళో, ప్రతి సాక్షి వచ్చిన సమయం, పోయిన సమయం, ముద్దాయి అభ్యంతరం, నా సర్టిఫికెట్. సీలు వేసి కోర్టుకు పంపాలి. ఆఫీసుకు వెళ్ళి తీరిగ్గా రాద్దామంటే కుదరదు. నాలుగేళ్ళ తర్వాత బోనులో నిలబడినప్పుడు డిఫెన్స్ వకీలు మొదట అడిగేది, 'ఆ రోజు మీరు వరుసలో నిలబెట్టిన ముద్దాయి ఈ హాల్లో ఉన్నాడా, చూపించండి' అని. గంటన్నరసేపు అతని పక్కనే నిలబడి, అతనితో మాట్లాడి, పేరు రాసుకున్న నేను, ఎదుట కూర్చున్న ఇద్దరిలో అతనెవరో చెప్పలేకపోయాను. గుర్తులేదని చెప్పి, ఫైల్లో ఉన్నదే చదివాను.